వైరల్ న్యుమోనియా అని చేర్చుకున్నారు, కల్చర్‌లో క్లెబ్సియెల్లా వచ్చింది. ఇదెక్కడిది?

మర్రినీడ
నాన్నకి ఫ్లూ. ముక్కులోంచి తీసిన శాంపిల్‌లో ఇన్‌ఫ్లుయెంజా ఎ పాజిటివ్. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. వైరల్ న్యుమోనియా అని చేర్చుకున్నారు. ఆ రాత్రే ఫ్లూ మందుతో పాటు రెండు యాంటీబయాటిక్స్ కూడా ఎక్కించారు. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు కదా అని అడిగితే "కవర్ కోసం" అన్నారు. మూడో రోజు గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఏడో రోజు మళ్లీ జ్వరం. గొట్టంలోంచి కఫం తీసి కల్చర్‌కి, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకి పంపారు. ఇవాళ తొమ్మిదో రోజు, రిపోర్టు చేతికొచ్చింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే. కింద 18 మందుల పేర్లు. పద్నాలుగింటి పక్కన ఆర్, మూడింటి పక్కన ఎస్, ఒకదాని పక్కన ఐ.

వైరస్ అన్నవాళ్లే ఇప్పుడు బ్యాక్టీరియా అంటున్నారు. మొదట్లో చూసుకోలేదా? లేక అక్కడే అంటుకుందా? పైగా రెండు యాంటీబయాటిక్స్ నడుస్తూనే ఉన్నాయి, మరి వాటిని దాటుకుని ఇదెలా వచ్చింది? డాక్టరు గారు రోజుకి నాలుగు నిమిషాలు మాట్లాడతారు, అందులో రెండు నిమిషాలు ఫోన్‌కే పోతాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

గూగుల్_వైద్యుడు
ఆర్ అంటే రాంగ్, ఎస్ అంటే సూపర్, ఐ అంటే ఐ డోంట్ నో. ఇంతవరకే నా చదువు. నాన్నగారు త్వరగా కోలుకోవాలి. ల్యాబ్‌లో ఈ కల్చర్లు చేసే ప్లేటు మామని పిలవండి ఎవరైనా.

సగం_తెలిసినోడు
చూసుకోలేదు, అంతే. మొదటి రోజే కల్చర్ పంపితే అప్పుడే దొరికేది. నిర్లక్ష్యం.

ప్లేటు_మామ
పిలవకపోయినా వస్తాను. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకి బ్యాక్టీరియా లొంగదు. ఎస్ అంటే ససెప్టిబుల్, లొంగుతుంది. ఐ అంటే ఇంటర్మీడియట్, మధ్యరకం. సగం తెలిసినోడూ, తొందరపడకు.

ఇక్కడ ముందు చూడాల్సింది తేదీలు, ఆ తరవాతే పేరు. చేరిన 48 గంటల్లోపు బ్యాక్టీరియా దొరికితే అది రోగి బయటినుంచి వెంటబెట్టుకొచ్చింది. వాటి జాబితా దాదాపు ఎప్పుడూ ఒకటే: న్యుమోకాకస్, స్టాఫిలోకాకస్ ఆరియస్, హిమోఫిలస్. రోజులు గడిచాక, అందులోనూ గొట్టం వేశాక దొరికేవాళ్లు వేరే ముఠా: క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్. మొదటిదాన్ని కో-ఇన్ఫెక్షన్ అంటాం, రెండోదాన్ని సెకండరీ అంటాం. మాటల్లో రెండూ కలిపేస్తారు, గొడవంతా అక్కడే.

మీ నాన్నగారి శాంపిల్ గొట్టం వేసిన నాలుగో రోజుది. మొదటి రోజు కల్చర్ పంపి ఉంటే ఇది దొరికేది కాదనే నా అంచనా. అప్పటికి అది ఊపిరితిత్తుల్లో లేదు.

"రెండు మందులు దాటుకుని ఎలా వచ్చింది" అని అడిగారే, దాటుకుని రాలేదు. ఆ మందులే దారి ఖాళీ చేశాయి. పేగుల్లో, గొంతులో మామూలుగా ఉండే బలహీనమైన బ్యాక్టీరియా అంతా ఆ మందులకి చచ్చిపోతుంది. ఆ మందులకి లొంగనిది ఏ మూలో పిడికెడుంటే, ఖాళీ అయిన చోటంతా దానిదే. గొంతులో చేరిన ఉమ్మి గొట్టం చుట్టూ ఉండే బెలూన్ పక్కనుంచి చుక్క చుక్కగా కిందికి జారుతుంది. దగ్గి బయటికి తోసేద్దామంటే మనిషి మత్తులో ఉన్నాడాయె.

రిపోర్టులో పైన, బ్యాక్టీరియా పేరుకి ముందు, చీముకణాలు ఎన్ని, ఎపిథీలియల్ కణాలు ఎన్ని అని ఉంటుంది. ఎంత బ్యాక్టీరియా పెరిగిందో చెప్పే కౌంట్ కూడా ఉంటుంది. అవి రాయండి తమ్ముడూ.

మర్రినీడ
తమ్ముణ్ణి కాదు మామా, చెల్లెల్ని. చీముకణాలు 25 కంటే ఎక్కువ, ఎపిథీలియల్ కణాలు 10 కంటే తక్కువ అని ఉంది. కౌంట్ లక్షకి పైన.

ప్లేటు_మామ
చెల్లెలికి ప్లేటు మామ మామే ఎందుకయ్యాడో నాకూ అర్థం కాలేదు, పోనీ. శాంపిల్ మంచిదే. ఎపిథీలియల్ కణాలు ఎక్కువుంటే అది ఉమ్మి, కఫం కాదు. అలాంటిది పెంచితే నోట్లో ఉన్న సంతంతా పెరుగుతుంది. గొట్టంలోంచి తీసినదానికి లక్ష దాటితే సాధారణంగా పట్టించుకుంటారు. అయినా ఒక్క కౌంటుతో తేలదు. జ్వరం తిరిగొచ్చిందా, ఆక్సిజన్ అవసరం పెరిగిందా, ఎక్స్‌రేలో కొత్త మచ్చ వచ్చిందా, ఇవన్నీ కలిస్తేనే రోగం. కలవకపోతే అది గొట్టంలో కాపురం పెట్టిన బ్యాక్టీరియా మాత్రమే.

మర్రినీడ
జ్వరం ఉంది, ఆక్సిజన్ 40 శాతం నుంచి 65కి పెంచారు.

ప్లేటు_మామ
ఎక్స్‌రే సంగతి చెప్పలేదు గాని, ఈ రెండూ చూస్తే రోగమే అనిపిస్తోంది. మందు మార్చడం సబబే.

పాతకోటు
నేను పదవీ విరమణ చేసిన ఛాతీ వైద్యుణ్ణి. మామ చెప్పిన తేదీల లెక్క సరైనదే. కాని మొదటి రోజు యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని తప్పు పట్టే ధోరణి పైన కొంచెం కనిపిస్తోంది, దాని గురించి చెప్పాలి.

ఫ్లూకి ఈ విషయంలో చెడ్డపేరు పాతది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాని చూసి ఫ్లూకి కారణం అదేననుకున్నాడు. హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే పేరు ఇప్పటికీ ఆ పొరపాటునే మోస్తోంది. అసలు వైరస్ మనుషుల్లో దొరికింది 1933లో. పాపం ఆయన చూసింది వెంట వచ్చినవాణ్ణి. 1918 మహమ్మారిలో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కలు భద్రపరిచి ఉంచారు. 2008లో వాటిని మళ్లీ పరీక్షించి, పాత శవపరీక్ష రిపోర్టులన్నీ తిరగేసి చూస్తే, అత్యధికుల్లో బ్యాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్లే. 2009 ఫ్లూలో అమెరికాలో చనిపోయిన 77 మంది ఊపిరితిత్తుల నమూనాలు చూస్తే 22 మందిలో బ్యాక్టీరియా దొరికింది.

కారణం ఉంది. గాలిగొట్టం లోపల పొర మీద సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి, పొద్దస్తమానం చెత్తని పైకి ఊడుస్తుంటాయి. ఫ్లూ వైరస్ ఆ పొరనే ఊడగొడుతుంది. దాని న్యూరమినిడేస్ అనే ఎంజైమ్ కణాల మీది సయాలిక్ ఆమ్లం అనే చక్కెరని కత్తిరిస్తే, న్యుమోకాకస్ అతుక్కునే చోటు బయటపడుతుంది. కత్తిరించిన ఆ చక్కెర దానికి మేత కూడా. ఇక వైరస్‌తో పోరాడే హడావుడిలో ఒంట్లో పుట్టే ఇంటర్‌ఫెరాన్లు అనే రసాయనాలు, బ్యాక్టీరియాని మింగాల్సిన మ్యాక్రోఫేజ్ కణాలని మందకొడిగా చేస్తాయి. కాబట్టి ఫ్లూ న్యుమోనియాతో వచ్చిన పెద్దవాళ్లకి మొదట యాంటీబయాటిక్ కూడా ఇవ్వమనే 2019 అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సగం_తెలిసినోడు
ఆ మాటే నేనూ అనేది! కోవిడ్‌లో అందరికీ అజిత్రోమైసిన్ ఇచ్చారు, ఎంతమంది బతికారు.

రాత్రి_డ్యూటీ
ఇవ్వనివాళ్లు కూడా అంతేమంది బతికారు. బ్రిటన్‌లో రికవరీ అనే కోవిడ్ మందుల ట్రయల్‌లో 7,700 మందికి పైగా రోగుల్ని చీటీ వేసినట్టు విడదీసి చూశారు. అజిత్రోమైసిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా 28 రోజుల్లో చనిపోయినవాళ్లు 22 శాతమే. రెండు వైపులా.

ఫార్మా_రమ
పాతకోటు గారూ, ఆ మార్గదర్శకాల్లోనే రెండో సగం కూడా ఉంది సార్. బ్యాక్టీరియా ఆధారం దొరక్కపోతే, రోగి కుదుటపడితే 48 నుంచి 72 గంటల్లో ఆపేయడం ఆలోచించమని. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది.

ఇంకోటి, ఫ్లూ లెక్కని కోవిడ్‌కి అంటించకూడదు. 2020లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, కోవిడ్‌తో చేరేటప్పటికే బ్యాక్టీరియా ఉన్నవాళ్లు 3.5 శాతం, తరవాత తగిలినవాళ్లు 14 శాతం. యాంటీబయాటిక్ అందుకున్నవాళ్లు 70 శాతం పైనే. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ అదే దారి: ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో యాంటీబయాటిక్ అవసరమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ 8 శాతానికి, మందు ఇచ్చింది దాదాపు 75 శాతానికి.

పాతకోటు
ఒప్పుకుంటున్నాను రమ గారూ. ఆపడం మాకు నేర్పలేదు. మొదలెట్టడమే నేర్పారు.

రాత్రి_డ్యూటీ
ఐసీయూలో పనిచేసేవాణ్ణిగా ఒక మాట. రాత్రి రెండింటికి మనిషి వస్తాడు, బీపీ పడిపోతోంది, ఎక్స్‌రే అంతా తెలుపు, వైరస్ రిపోర్టు తెల్లారితే గాని రాదు. ఆ గంటలో "3.5 శాతమే కదా" అని ఊరుకునే ధైర్యం నాకు లేదు. ఉన్నవాళ్లు వచ్చి ఒక రాత్రి నా పక్కన నిలబడండి. మొదలెట్టడం మీద నాకు ఏ చింతా లేదు. మూడో రోజు చార్టు తిప్పి "ఇది ఇంకా ఎందుకు నడుస్తోంది" అని అడిగేవాడు లేకపోవడమే అసలు జబ్బు. రాసినవాడి డ్యూటీ మారిపోతుంది, తరవాతివాడు ఎవరో పెద్దాయన రాశాడులే అని ముట్టుకోడు.

కోయిల_2
మా అమ్మకి అదే జరిగింది. కోవిడ్‌లో 14 రోజుల్లో ఐదు రకాల యాంటీబయాటిక్స్ మార్చారు. కల్చర్లు నాలుగు పంపారు, నాలుగూ ఏమీ పెరగలేదనే వచ్చాయి. ఏమీ పెరగలేదంటే మందు ఆపాలి అని నేననుకున్నా. వాళ్లేమో "చూశారా, మందు పనిచేస్తోంది" అన్నారు. ఊపిరితిత్తులు బాగయ్యాయి గాని ఇంటికొచ్చిన వారానికి నీళ్ల విరేచనాలు, రోజుకి పదిహేను సార్లు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అని తేలింది, యాంటీబయాటిక్స్ వాడాక పేగుల్లో చెలరేగే బ్యాక్టీరియా అట. వైరస్ కంటే అదే ఎక్కువ ఏడిపించింది.

శేషు_పాతబస్సు
నాది పూర్తిగా తిరగేసిన కథ. ఫ్లూ వచ్చింది, ఐదో రోజుకి తగ్గిపోయింది, ఆరో రోజు స్నానం చేసి తిరిగాను కూడా. ఏడో రోజు రాత్రి పళ్లు టకటకలాడేంత వణుకు, కుడి పక్కటెముకల కింద పొడుస్తున్న నొప్పి, తుప్పు రంగు కఫం. ఫ్లూ ఇంకా మిగిలుందిలే అని ఒక రోజు పారాసిటమాల్‌తో నెట్టాను. ఆ ఒక్క రోజూ ప్రాణం మీదికి తెచ్చింది. రక్తం కల్చర్‌లో న్యుమోకాకస్. పెన్సిలిన్‌కి ఎస్. పాత పెన్సిలిన్‌తోనే లేచి కూర్చున్నా. అందుకే యాంటీబయాటిక్ అనగానే తిట్టేవాళ్లని చూస్తే నాకు వణుకు తిరిగొస్తుంది.

పాతకోటు
శేషు గారిది పుస్తకంలో బొమ్మ వేసినట్టుంది. ఫ్లూ తగ్గి, మధ్యలో ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం వస్తే అది ఫ్లూ కాదు.

గూగుల్_వైద్యుడు
ప్రోకాల్సిటోనిన్ అని రక్త పరీక్ష ఉందట కదా, అది పెరిగితే బ్యాక్టీరియా, పెరక్కపోతే వైరస్. ఇంత చర్చ దేనికి?

రాత్రి_డ్యూటీ
పెరగడమొక్కటీ చూసి నమ్మకు అన్నా. కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది, బాగా ముదిరిన వైరల్ జబ్బులోనూ పెరుగుతుంది. తక్కువగా ఉంటే మాత్రం మందు ఆపడానికి మంచి తోడు. మొదలెట్టడానికి మాత్రం దాన్ని ఆధారం చేసుకోను.

మర్రినీడ
అందరికీ థాంక్స్. ఇప్పుడు అసలు తికమక. ఎస్ వచ్చిన మూడూ ఇవి: అమికాసిన్, పక్కన ఎంఐసీ 4. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ 2. టైగెసైక్లిన్ 1. కొలిస్టిన్‌కి ఐ. మెరోపెనెమ్ ఆర్, 16 అని ఉంది. ఎంఐసీ తక్కువుంటే మందు బలంగా పనిచేస్తుందని ఒక వీడియోలో చూశా. అలాగైతే అన్నిటికంటే తక్కువ టైగెసైక్లిన్‌ది. వీళ్లు 2 ఉన్నదాన్ని ఎందుకు ఎంచుకున్నారు?

ప్లేటు_మామ
ఆ వీడియో తీసినవాణ్ణి నా ల్యాబ్‌లో వారం రోజులు ప్లేట్లు కడిగించాలి.

ఎంఐసీ అంటే ఆ బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మోతాదు, మిల్లీలీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని. ఒక మందు అంకెని ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. ఒకడికి చెప్పు సైజు 7, ఇంకొకడికి చొక్కా సైజు 40, ఎవరు లావు అని అడిగినట్టుంటుంది. ఏ మందు అంకెని ఆ మందు గీతతోనే పోల్చాలి. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌కి 8 వరకూ ఎస్. మీది 2, చాలా కింద ఉంది. మెరోపెనెమ్‌కి 1 వరకే ఎస్, 4 నుంచి ఆర్. మీది 16.

మేమెలా చూస్తామో చెప్తా. రోగి కఫంలో పెరిగిన క్లెబ్సియెల్లా ప్లేటు మీద జిగటగా, జిలేబీ పాకంలా మెరుస్తుంటుంది. లూపుతో ఎత్తితే కొన్నిసార్లు తీగ సాగుతుంది. దాన్ని సెలైన్‌లో కలిపి, మబ్బుతనం కొలిచి, దూదిపుల్లతో కొత్త ప్లేటంతా పచ్చికలా పరుస్తాం. మందు పట్టించిన 6 మిల్లీమీటర్ల కాగితం బిళ్లలు పెట్టి 35 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. పొద్దున తలుపు తీస్తే, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ ఖాళీ వలయం, పనిచేయని బిళ్లని మాత్రం బ్యాక్టీరియా అంచు దాకా వచ్చి ముద్దు పెట్టుకుంటుంది. ఇప్పుడు మెషీన్లు వచ్చాయి గాని, మెరోపెనెమ్ బిళ్లని అలా ముద్దు పెట్టుకున్న ప్లేటు చూసిన పొద్దున టీ సహించదు.

ఇంకోటి, ఆ పద్నాలుగు ఆర్‌లు చూసి బెంబేలు పడకండి. వాటిలో ఆంపిసిలిన్ ఉందా? ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. క్లెబ్సియెల్లాకి ఆంపిసిలిన్ పనిచేయకపోవడం పుట్టుకతో వచ్చిన గుణం.

మర్రినీడ
ఉంది మామా. మొదటి ఆర్ అదే.

ఫార్మా_రమ
మామ చెప్పింది ప్లేటు సంగతి. ప్లేటు మీద పనిచేసిన మందు ఊపిరితిత్తుల్లోకి చేరాలి కదా. టైగెసైక్లిన్ ఒంట్లో కణజాలంలోకి పాకిపోతుంది, మామూలు డోసులో రక్తంలో దాని స్థాయి 1 కూడా అందదు. వెంటిలేటర్ న్యుమోనియాలో దాని ఫలితాలు బాగాలేవు, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద మరణాల గురించి పెట్టె కట్టిన హెచ్చరిక పెట్టింది. అమికాసిన్ ఊపిరితిత్తుల్లోకి సరిగ్గా దిగదు, పైగా కిడ్నీలకి పడదు. కొలిస్టిన్‌కి ఐ చూసి "మధ్యరకం, పర్వాలేదు" అనుకోవద్దు. అమెరికన్ ప్రమాణాల్లో 2020 నుంచి దానికి ఎస్ అనే గడే లేదు, ఐ లేదా ఆర్, అంతే. మిగిలింది వాళ్లు ఎంచుకున్నదే.

ఎస్ అంటే ఏమిటో డాప్టోమైసిన్ చూస్తే బాగా తెలుస్తుంది. స్టాఫ్, అంటే స్టాఫిలోకాకస్ మీద ప్లేటులో అద్భుతం. ఊపిరితిత్తుల్లో గాలితిత్తులు ముడుచుకోకుండా ఉండే నురుగులాంటి సర్ఫాక్టెంట్ ఉంటుంది, అది ఈ మందుని పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. రిపోర్టులో ఎస్ అనే ఉంటుంది, న్యుమోనియాకి మాత్రం వాడరు.

సగం_తెలిసినోడు
అంటే ఎస్ అని ఉన్నా పనిచేయకపోవచ్చు, ఐ అంటే మధ్యరకం కాదు, బ్యాక్టీరియా దొరికినా రోగం కాకపోవచ్చు. మరి ఈ రిపోర్టు ఇవ్వడం దేనికి?

ప్లేటు_మామ
ఆర్ అని ఉంటే ఆ మందు మానేయడానికి. ఆ ఒక్కటీ గట్టిగా నమ్మొచ్చు. ఇవాళ్టికి నీ పేరులోంచి "సగం" తీసేయొచ్చు, ముప్పావు అయ్యావు.

కోయిల_2
మా అమ్మ రిపోర్టులో ఒకసారి కాండిడా వచ్చింది, దానికీ ఫంగస్ మందు ఇచ్చారు. అది అవసరమా?

ప్లేటు_మామ
కఫంలో కాండిడా అంటే నోట్లోంచి జారినదే దాదాపు ఎప్పుడూ. దాన్ని న్యుమోనియా అనుకుని మందు ఇవ్వరు. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అయితే వేరే మాట. ఫ్లూ, కోవిడ్ రోగులకి స్టెరాయిడ్లు వాడినప్పుడు అది నిజంగానే లోపలికి పాకుతుంది.

రాత్రి_డ్యూటీ
మర్రినీడ గారూ, మొదటి రోజు పెట్టిన రెండు మందులేంటి? రెండూ ఆపేశారా?

మర్రినీడ
పైపెరాసిలిన్-టాజోబాక్టమ్, వాంకోమైసిన్. మొదటిది ఆపి కొత్తది పెట్టారు. రెండోది సంగతి తెలీదు, రేపు చూస్తా.

రాత్రి_డ్యూటీ
చార్టు చూడండి. వాంకోమైసిన్ పెట్టేది ఎంఆర్ఎస్ఏ భయంతో, అంటే మామూలు మందులకి లొంగని స్టాఫ్. ఫ్లూ మీద స్టాఫ్ పడితే వయసులో ఉన్నవాళ్లని కూడా రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది, ఆ భయం ఉత్తిది కాదు. కాని ముక్కులోంచి ఎంఆర్ఎస్ఏ పీసీఆర్ చేసి నెగెటివ్ వస్తే, ఊపిరితిత్తుల్లో అది ఉండే అవకాశం చాలా తక్కువ. కల్చర్‌లో కూడా రాలేదు. ఆ మందు స్టాఫ్‌లాంటి గ్రామ్-పాజిటివ్ రకం బ్యాక్టీరియాకే, మీ క్లెబ్సియెల్లాని గీరను కూడా గీరదు. పైపెరాసిలిన్‌తో కలిపి వాడినప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడం మేం తరచూ చూస్తాం. గొడవగా కాకుండా ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఏ బ్యాక్టీరియా కోసం నడుస్తోంది సార్?"

మర్రినీడ
పదకొండో రోజు. వాంకోమైసిన్ ఇంకా నడుస్తోంది. క్రియాటినిన్ 0.9 నుంచి 1.6 అయింది. మీరు చెప్పిన ప్రశ్న అచ్చం అలాగే అడిగాను. డాక్టరు గారు చార్టు వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పి, "ఎవరు కంటిన్యూ చేశారు" అని నర్సుని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ముక్కు పరీక్ష రెండో రోజే చేశారట, నెగెటివ్, ఫైల్లోనే ఉంది. అప్పటికప్పుడు ఆ మందుని చార్టులోంచి కొట్టేశారు. ఆరోజు ఫోన్ మాత్రం తీయలేదు.

రాత్రి_డ్యూటీ
ఆయన్ని తిట్టాలనిపించట్లేదు. నా చార్టుల్లో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి. రేపు డ్యూటీలో ముందు ఆ పనే.

శేషు_పాతబస్సు
జ్వరం ఎలా ఉంది?

మర్రినీడ
పన్నెండో రోజు పొద్దున 99. ఆక్సిజన్ 45కి దించారు. కొత్త మందు మొత్తం ఏడు రోజులే అన్నారు, మధ్యలో మళ్లీ కల్చర్ పంపమని అడిగితే వద్దన్నారు.

ప్లేటు_మామ
వద్దనడమే మంచిది. గొట్టం ఉన్నంతకాలం ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది. పంపితే నేను పెంచి పేరు రాస్తాను, పేరు చూశాక ఎవరికో చెయ్యి ఊరుకోదు.

మర్రినీడ
పదిహేనో రోజు. క్రియాటినిన్ 1.2. మత్తు తగ్గించారు, పిలిస్తే కళ్లు తెరిచి నా చెయ్యి నొక్కారు. రేపు గొట్టం తీసే ట్రయల్ పెడతారట.

కోయిల_2
ఎన్నింటికి?

మర్రినీడ
ఎనిమిదింటికి అన్నారు. ఏడింటికే వెళ్లి కూర్చుంటా.